సత్రంలో చోటు

బరంపురం అనగానే మనవాళ్ళకి ముందుగా పట్టుచీరలు గుర్తొస్తాయి. తరవాత అప్పడాలు, ఊరగాయలు. రాజకీయాలు తెలిసినవాళ్ళయితే వి.వి. గిరి గారి పేరు చెబుతారు. మన నాలుగో రాష్ట్రపతి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. అంతేగాని, క్రిస్మస్ పండక్కి బరంపురం వెళ్ళొచ్చామని చెప్పినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. క్రిస్మస్ చూడాలంటే గోవా వెళతారు, కేరళ వెళతారు, తెలుగునాట అయితే మెదక్ చర్చికి వెళతారు. నేను బరంపురం వెళ్ళడానికి రెండు కారణాలున్నాయి. అక్కడ మా మేనత్త ఉంది, అదొకటి. రెండోది, పాత మిషన్ చరిత్రల్లో కనిపించే ఒక తేదీ. ఆ తేదీ సంగతి కాస్త తరవాత చెబుతాను. ముందు ఊరు చూద్దాం.

ఈ ప్రాంతం తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. శ్రీకాకుళం కూడా అప్పట్లో ఈ జిల్లాలోదే. రాష్ట్రం గీత గీసినప్పుడు ఇచ్ఛాపురం ఇటు మిగిలింది, బరంపురం అటు వెళ్ళింది. రైల్లో ఇచ్ఛాపురం దాటాక అరగంటకల్లా బరంపురం స్టేషను వచ్చేస్తుంది. బోర్డు మీద లిపి మారిపోతుంది గాని మనుషులు అంత తొందరగా మారరు. బజార్లో ఒడియాలో మొదలెట్టిన బేరం తెలుగులో ముగిసినా ఎవరూ ఆశ్చర్యపోరు. మనం అరిసె అంటే వాళ్ళు అరిసా పిఠా అంటారు. పాకం ఒక్కటే.

ఇక్కడి పట్టు నేసే దేవాంగులు రాజమండ్రి వైపునించి వచ్చినవాళ్ళే. మహురి రాజులు పిలిచి చోటిచ్చారని చెబుతారు. ఊళ్ళో పెద్ద జాతర బుఢీ ఠాకురాణి యాత్ర. రెండేళ్ళకోసారి అమ్మవారిని గుడినించి దేశిబెహెరా వీధికి తీసుకొస్తారు. దేశిబెహెరా అంటే ఆ నేతవారి కులపెద్ద. అమ్మవారు ఆ ఇంటి ఆడపడుచు అని నమ్మకం. పుట్టింటికొచ్చిన కూతురిని చూసుకున్నట్టు ఇంచుమించు నెల్లాళ్ళు చూసుకుని, కళ్ళనీళ్ళతో సాగనంపుతారు. దేవుణ్ణి ఇంటి మనిషిని చేసుకోవడం ఈ ఊరికి కొత్తేమీ కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

ఇక సత్రాల సంగతి. మద్రాసు నించి కలకత్తా వెళ్ళే పాత బాట ఇచ్ఛాపురం, బరంపురం, గంజాంల మీదుగా పోతుంది. 1890లలో రైలు రాకముందు మన ముత్తాతలు జగన్నాథం వెళ్ళాలంటే ఈ బాట మీదే నడిచో, బండి కట్టుకునో వెళ్ళేవారు. నెలల తరబడి ప్రయాణం. దారిలో సత్రంలో చోటు దొరికితే ఆ పూటకి బతికిపోయినట్టే. దొరక్కపోతే చెట్టు కింద పడక. కలరా తగిలితే ఆ చెట్టు కిందే ఆఖరు. పూరీ వెళ్ళేవాళ్ళు ఇంటిదగ్గర అందరి దగ్గరా సెలవు తీసుకుని మరీ బయల్దేరేవారంటే, అది ఊరికే పెట్టుకున్న ఆచారం కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెలుగు బైబిల్లో క్రిస్మస్ కథ చదివితే అందులో కనిపించే మాట సరిగ్గా ఇదే, సత్రం. లూకా రాసిన సువార్తలో జనాభా లెక్కల కోసం యోసేపు, నిండు గర్భిణి అయిన మరియ సొంతూరికి బయల్దేరతారు. సత్రంలో వాళ్ళకి చోటు దొరకదు. పుట్టిన బిడ్డని పశువుల తొట్టిలో పడుకోబెడతారు. గ్రీకు మూలంలో ఉన్న మాటకి సత్రం అని కాకుండా ఇంట్లో చుట్టాల గది అని అర్థం చెప్పుకోవాలని ఇప్పటి పండితుల్లో చాలామంది అంటున్నారు. ఏదైనా జరిగింది ఒకటే: చోటు లేదు. తెలుగు చేసినవాళ్ళు సత్రం అన్నారు గనక మన మనసుకి ఆ కథ వెంటనే ఎక్కింది. సత్రం అరుగు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసిన బాధ మన తాతలకి తెలుసు. తొట్టి అంటే కుడితి తొట్టేనని పల్లెటూరి పిల్లవాడికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తేదీ సంగతి. 1822లో ఇంగ్లాండు నించి జనరల్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు కటకం వచ్చారు. వాళ్ళలో విలియం బాంప్టన్ అనే ఆయన పూరీలో మకాం పెట్టి, ఈ బాట మీదే దక్షిణానికి తిరుగుతూ బరంపురం దాకా వచ్చేవాడు. ఆ మిషన్‌లో హిందువుల్లోంచి క్రైస్తవం తీసుకున్న మొట్టమొదటి మనిషికి ఆయన బాప్తిస్మం ఇచ్చింది బరంపురంలో, 1827 డిసెంబరు 25న. ఆ మనిషి ఒడియావాడు కాడు, తెలుగువాడు. నేతపని చేసుకునేవాడు. ఇంగ్లీషు కాగితాల్లో అతని పేరు ‘ఎరున్’ అని ఉంది. మన చెవికి అది ఎర్రన్న అయ్యుంటుందనిపిస్తుంది. మొదటి ఒడియా క్రైస్తవుడు గంగాధర సారంగి బాప్తిస్మం తీసుకున్నది ఆ తరవాత మూడు నెలలకి, 1828 మార్చిలో, కటకంలో.

చరిత్ర పుస్తకాల్లో ఎర్రన్న గురించి రెండు మూడు వాక్యాలకి మించి దొరకదు. కాని ఆ రోజుల్లో కులం విడిచినవాడి బతుకు ఎలా ఉండేదో మనకి తెలియంది కాదు. నిప్పూ నీళ్ళూ బంద్. పిల్లకి సంబంధం రాదు. నేతవాడి మగ్గం ఒంటరిగా ఆడేది కాదు. నూలు చుట్టేవాళ్ళు, అద్దకం వేసేవాళ్ళు, సరుకు కొనేవాళ్ళు అందరూ కులంలోవాళ్ళే. అంటే, సత్రంలో చోటు లేనివాడి పుట్టినరోజున ఒక మనిషి ఊళ్ళో తన చోటు వదులుకున్నాడు. పైగా ఆ బాంప్టన్ గారు 1830లో పూరీలో చనిపోయారు. మిషనరీలు బరంపురంలో స్థిరంగా ఉండడం 1830ల చివరికి గాని మొదలవలేదు. మధ్యలో అన్నేళ్ళు ఆ తెలుగు నేతగాడికి పండగ పూట పలకరించేవాళ్ళు ఎందరుండి ఉంటారు? అతనికి దక్కిందేమిటి? ఉద్యోగమా, పొలమా? ఏ లాభం చూసుకుని అతను ఆ పని చేశాడని అడిగితే నాకు జవాబు దొరకలేదు. లాభం కోసం కాదనుకుంటేనే ఆ లెక్క కుదురుతుంది.

ఈ ప్రశ్న మనసులో పెట్టుకునే డిసెంబరు 24 సాయంత్రం తెలుగులో ఆరాధన జరిగే ఒక చిన్న చర్చికి వెళ్ళాను. నేను క్రైస్తవుణ్ణి కాను. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన “వందనాలండి, లోపలికి రండి” అని చేయి పట్టుకుని తీసుకెళ్ళి కూచోబెట్టాడు. ఎవరు, ఏమిటి అని అడగలేదు. రంగు కాగితం నక్షత్రంలో బల్బు వెలుగుతోంది. ఓ మూల పిల్లలు గడ్డితో పశువులపాక కట్టారు. హార్మోనియం, డోలక్, చేతి తాళాలు. పాటల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం అచ్చువేసి ఉన్నాయి. కళ్ళు మూసుకుంటే మన భజన గోష్ఠిలో కూచున్నట్టే ఉంది.

ఆ పుస్తకంలో చాలా పాటలు పురుషోత్తమ చౌదరి గారివి. ఆయనా ఈ నేలవాడే. 1803లో పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో, బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. అప్పట్లో అది గంజాం జిల్లా. 1833లో కటకంలో క్రైస్తవం తీసుకున్నారు. 1890లో పోయేదాకా తెలుగులో పాటలు రాస్తూనే ఉన్నారు. ఇంటి మూలం బెంగాల్, ఊరు ఒడియా సరిహద్దు, పాట మాత్రం అచ్చ తెలుగు కీర్తన బాణీ. నెల్లూరులోనూ, గుంటూరులోనూ, అమెరికాలో మన తెలుగు చర్చిల్లోనూ ఈ పూట పాడేవాళ్ళలో చాలామందికి ఆ కవి గంజాంవాడని తెలియకపోవచ్చు.

ఆరాధన అయ్యాక చర్చి పాస్టరు గారితో కాసేపు మాట్లాడాను. అందరూ ఆయన్ని “అయ్యగారూ” అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను.

“అయ్యగారూ, మీరు ప్రేమ అంటారు, దయ అంటారు, కృప అంటారు. మూడూ ఒకటేనా?” అన్నాను.

ఆయన నవ్వి, “మీరేం పని చేస్తారండి?” అని అడిగారు. చెప్పాను. “నెలాఖరుకి మీకొచ్చేది జీతం. మీ అబ్బాయి క్లాసులో ఫస్టొస్తే ఇచ్చేది బహుమానం. జీతం పనికి, బహుమానం ప్రతిభకి. మరి రేప్పొద్దున ఏ పనీ చెయ్యనివాడికి, ఏ ప్రతిభా లేనివాడికి, పైపెచ్చు మీతో పోట్లాడినవాడికి మీరు అన్నం పెట్టారనుకోండి. దాన్నేమంటారు? మేము కృప అంటాం. దేవుడు మనుషులతో అలా ఉన్నాడని మా నమ్మకం. ఆ ఉండడానికే క్రిస్మస్ అని పేరు.”

“అయితే ఆ బిడ్డ ఏ రాజుగారింట్లోనో పుట్టొచ్చు కదండీ? తొట్టెందుకు?”

“రాజుగారింట్లో పుడితే చూడ్డానికి రాజులే వెళ్ళగలరు బాబూ. తొట్టి దగ్గరికైతే గొర్రెలకాపరి కూడా వెళ్ళగలడు. గొర్రెలకాపర్లకే గదా ముందు కబురొచ్చింది!” అన్నారు. ఆగి, “ఇంకోటి చెబుతాను. లూకా సువార్తలోనే ఇంకో సత్రముంది. ఇంటికెళ్ళి చూడండి” అన్నారు.

చూశాను. అది మంచి సమరయుడి కథ. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి కూడా గుడి పెద్దలు ఇద్దరు పక్కనించి తప్పుకుని పోతారు. యూదులకి గిట్టని జాతివాడొకడు, సమరయుడు, ఆగుతాడు. గాయాలు కట్టి, తన పశువు మీద ఎక్కించి, పూటకూళ్ళవాడి ఇంటికి తీసుకెళతాడు. డబ్బిచ్చి, ఇంకా ఖర్చయితే మళ్ళీ వచ్చినప్పుడు ఇస్తానంటాడు. పూటకూళ్ళ ఇల్లు! తెలుగు బైబిల్లో ఆ మాటే ఉంది. ఒకే పుస్తకంలో రెండు మజిలీలు. మొదటిదాంట్లో పుట్టబోయే బిడ్డకి చోటు లేదు. ఆ బిడ్డే పెద్దయ్యాక చెప్పిన కథలో, రెండోదాంట్లో, ఊరూ పేరూ తెలియని మనిషికి పరాయివాడి ఖర్చు మీద చోటు దొరికింది. క్రిస్మస్ అర్థం నాకు ఈ రెండిటి మధ్యా ఉందనిపించింది. తనకి దొరకని చోటు ఇతరులకి దొరికేలా చూడడం ఆ ప్రేమ చేసే పని.

ఈ కొలత పట్టుకుని గంజాం చరిత్ర తిరగేస్తే చాలా సంగతులు కనిపిస్తాయి. అన్నీ తియ్యగా ఉండవు.

జిల్లాకి ఎగువన ఉన్న కొండల్లో ఖోండులు ఒకప్పుడు భూదేవికి నరబలి ఇచ్చేవారు. బలిమనిషిని మెరియా అనేవారు. మైదానంలోంచి దళారులు పిల్లల్ని ఎత్తుకెళ్ళో, తిండిలేని తల్లిదండ్రుల దగ్గర కొనో అమ్మేవారు. ఖోండులు ఆ పిల్లల్ని బలి ఇచ్చేదాకా ప్రేమగానే పెంచేవారట. పంట పండాలన్నదే వాళ్ళ భయం. 1836 తరవాత బ్రిటిషు అధికారులు దీన్ని ఆపడానికి పూనుకున్నారు. 1837 నించి 1854 లోపల దాదాపు 1,500 మందిని విడిపించినట్టు అధికారి జాన్ క్యాంబెల్ లెక్క చెప్పాడు. బలి మానిన ఊళ్ళలో మనిషికి బదులు దున్నపోతు వచ్చింది. విడిపించిన పిల్లల్లో కొందరిని సర్కారు కటకం, బరంపురం మిషన్ బళ్ళలో పెట్టింది. ఆ పిల్లలకి ప్రాణం దక్కింది, అన్నం దక్కింది, చదువు దక్కింది. వాళ్ళ పాత భాష, పాత దేవుళ్ళు మాత్రం చాలావరకు జారిపోయి ఉంటాయి. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచడం న్యాయం కాదు.

కాని ఆ బళ్ళో మొదటి క్రిస్మస్ పూట ఆ పిల్లలకి ఏం అర్థమై ఉంటుందా అని నేను చాలాసేపు ఆలోచించాను. దేవతకి బిడ్డని ఇవ్వాలి అన్న లోకంలోంచి వచ్చినవాళ్ళు వాళ్ళు. ఇవ్వబోయింది వాళ్ళనే. ఇక్కడ చెప్పే కథలో దేవుడు బిడ్డని అడగడు, తన బిడ్డనే ఇస్తాడు. పెద్ద పెద్ద వేదాంతులకంటే ఆ తిరగబడ్డ సంగతి ఆ పసివాళ్ళకే బాగా తెలిసి ఉంటుంది.

1866లో ఒరిస్సాని నాఅంకా కరువు పట్టుకుంది. ఒరిస్సా డివిజన్‌లో మూడోవంతు జనం పోయారని అంచనా. గంజాం కూడా నలిగిపోయింది. అనాథలైన పిల్లల్ని మిషన్ వాళ్ళు కటకం, పిప్లీ, బరంపురాలలో చేరదీశారు. తరవాత 20వ శతాబ్ది తొలి ఏళ్ళలో ఆడవాళ్ళకీ పిల్లలకీ బరంపురంలో మిషన్ ఆసుపత్రి వచ్చింది. అదే ఇప్పటి క్రిస్టియన్ హాస్పిటల్. మగ డాక్టరుకి చెయ్యి చూపించడమే తప్పు అనుకునే కాలంలో ఆడ డాక్టర్లు ఉన్న ఆసుపత్రి అంటే ఎంత అండో మన అమ్మమ్మలని అడగాలి.

నేను మా అత్తనే అడిగాను. ఆవిడకి ఎనభై దాటాయి. ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టారు.

“అత్తా, అక్కడ నిన్ను మతం మార్చుకోమని అడిగారా?”

“అడిగారు కాదేంట్రా... బిల్లు కట్టమని అడిగారు” అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. “పెద్దోడి పురుడు రెండ్రోజులు కష్టమయింది. మా అత్తగారు గుమ్మం బయట కూచుని బుఢీ ఠాకురాణికి మొక్కుకుంటున్నారు. లోపల నర్సు పిల్ల నా మంచం పక్కన మోకాళ్ళేసి వాళ్ళ దేవుడికి చెప్పుకుంటోంది. ఎవరు విన్నారో నాకు తెలీదు. రాత్రంతా నా చెయ్యొదల్లేదు మాత్రం ఆ పిల్లే. నొప్పులొచ్చినదానికి మతమేటిరా?” అంది. తరవాత ఆ నర్సు పెళ్ళికి మా అత్త బరంపురం పట్టు పెట్టిందట.

దయ ఒక మతం సొత్తు అని ఎవరైనా అంటే గంజాం ఒప్పుకోదు. ఆ జిల్లాలో భాగంగా ఉన్నప్పటి పర్లాకిమిడిలో మన గిడుగు రామమూర్తి పంతులు గారు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. కొండమీది సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని దగ్గర భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకి బళ్ళు నడిపారు. నలుగురూ ఏమనుకుంటారోనని చూసుకోలేదు. వ్యాకరణం, నిఘంటువు తరవాత వచ్చాయి. ముందు ఇంట్లో చోటు వచ్చింది. 1963లో టిబెట్ నించి పారిపోయి వచ్చినవాళ్ళకి మహేంద్రగిరి వైపు కొండల్లో, చంద్రగిరి దగ్గర స్థలం ఇచ్చారు. అప్పుడది గంజాం జిల్లాయే. 1992లో విడిపోయి గజపతి జిల్లా అయింది. బౌద్ధులు ఆ కొండల మీద మొక్కజొన్న పండించుకుంటూ స్థిరపడ్డారు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 200 కిలోమీటర్లు. సరిగ్గా దసరా రోజులు. అప్పటికే రాష్ట్రంలో పది లక్షల మందికి దగ్గరగా ఒడ్డునించి తరలించారు. తుపాను షెల్టర్లు, బళ్ళు, గట్టి కప్పు ఉన్న ప్రతి కట్టడం మనుషులతో నిండిపోయాయి. 1999 నాటి పెనుతుపానులో దాదాపు పదివేల మంది పోయిన రాష్ట్రంలో ఈసారి ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఆ రాత్రి కథలు అత్త ఇంటి పక్కవాళ్ళు ఇంకా చెబుతారు. ఎవరి మేడ మీద ఎవరు పడుకున్నారు, ఎవరి గంజి ఎవరు తాగారు అన్నవే ఆ కథలన్నీ.

అయితే చోటు దొరకని క్రిస్మస్ కూడా ఈ చుట్టుపక్కలే ఉంది. గంజాంకి పైన కొండల్లో ఉన్న కంధమాల్ జిల్లాలో 2007లో, సరిగ్గా క్రిస్మస్ ముందురోజున గొడవలు లేచాయి. ఇళ్ళు, చర్చిలు కాలాయి. హిందువుల ఇళ్ళూ కాలాయి. 2008 ఆగస్టు 23న స్వామి లక్ష్మణానందనీ, ఆయనతో ఉన్న నలుగురినీ చంపేశారు. ఆ వెంటనే రేగిన హింసలో ఎక్కువగా క్రైస్తవులు చనిపోయారు. వేలమంది అడవుల్లోకి పరుగెత్తారు, నెలల తరబడి శిబిరాల్లో ఉన్నారు. కొందరు బరంపురం దిగి వచ్చారు. పక్కింటి హిందువులు తమ ఇళ్ళలో దాచి కాపాడిన సంఘటనలూ ఆనాటి నివేదికల్లో ఉన్నాయి. రెండువేల ఏళ్ళనాటి కథని ఎక్కడో బేత్లెహేములో వెతుక్కోనక్కర్లేదు. తలుపు వేసినవాళ్ళూ, తీసినవాళ్ళూ ఇక్కడే ఉన్నారు. ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే వీధిలో ఉన్నారు.

పండగ మర్నాడు అయ్యగారిని మళ్ళీ కలిసినప్పుడు ఆ రోజుల ప్రస్తావన తెచ్చాను. అప్పుడు వాళ్ళ చర్చివాళ్ళు బియ్యం, దుప్పట్లు పోగుచేసి శిబిరాలకి పంపారట. “మీకు కోపం రాలేదా?” అన్నాను. “ఎందుకు రాదండీ, మనుషులం కదా” అన్నారు. “కాని కోపంతో పాక కట్టలేం. గడ్డి ఒక్కోపోచ పేర్చుకుంటూ పోవాలి. పిల్లలు కడుతుంటే చూశారుగా.” ఆ తరవాత ఆయన క్షమ గురించి ఉపన్యాసమేమీ చెప్పలేదు. కొబ్బరి కజ్జికాయలూ, కేకు ముక్కా ఉన్న పళ్ళెం నా ముందుకి జరిపారు.

దయ పేరుతో బేరం జరుగుతుందన్న అనుమానం మనలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. అన్నం పెట్టి మనసు కొనుక్కుంటారన్న మాట మనం ఇళ్ళల్లో వింటూనే ఉంటాం. అలా ఎవరైనా చేస్తే దానికి పేరు వ్యాపారం. దాన్ని తప్పు పట్టడానికి బయటివాళ్ళ ధర్మశాస్త్రం అక్కర్లేదు, క్రిస్మస్ కథే చాలు. తొట్టిలో పడుకున్న బిడ్డ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, అడగడానికి నోరూ లేదు. ఆ కథని నమ్మేవాడు ప్రతిఫలం రాసుకుని అన్నం పెడితే తన దేవుడి లెక్కే తప్పుతుంది. అదే కథ మనకీ ఒక ప్రశ్న వేస్తుంది. ఎవరో ఏదో ఆశించి చేస్తున్నారని వేలెత్తి చూపేముందు, ఏమీ ఆశించకుండా మనం ఎవరికి చోటిచ్చాం?

బయటి దేశాల్లో ఉన్న మనకి ఈ ప్రశ్న మరీ దగ్గరగా తగులుతుంది. కొత్త ఊళ్ళో దిగిన మొదటి వారం మనలో ప్రతివాడూ ఎవరో ఒకరి సోఫా మీద పడుకున్నవాడే. ఆ ఇంటివాళ్ళు మన కులం, జిల్లా అడిగి దుప్పటి ఇచ్చారా, అడక్కుండా ఇచ్చారా అన్నది మనకింకా గుర్తుంటుంది. అడక్కుండా ఇచ్చినవాళ్ళ పేరు చెప్పమంటే వెంటనే చెబుతాం.

బరంపురం వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఎర్రన్న పేరుతో అక్కడ స్తంభాలేవీ వెతక్కండి. డిసెంబరు 25 పొద్దున్నే లేచి పాత బజారు వీధుల్లో నడవండి. మగ్గం చప్పుడు ఓ పక్కా, చర్చి గంట ఓ పక్కా, ఠాకురాణి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టిన చప్పుడు ఇంకో పక్కా వినిపించవచ్చు. ఏ అరుగు మీద కూచున్నా ఎవరో ఒకరు ఏ ఊరు మీది అని తెలుగులోనో ఒడియాలోనో అడుగుతారు. ఆ వెంటనే కాస్త పక్కకి జరిగి చోటిస్తారు. ఆ చోటు తీసుకోండి. ఇంటికొచ్చాక మీ గుమ్మం దగ్గర నిలబడ్డవాడికి అంత చోటు ఇవ్వండి.

పాఠకులందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.